కూతకు సరిపడా కొలత

ఏం చేసినా కోటేశ్వరి కూత పన్నెండు దాటడం లేదు.

వినుకొండలో మూతపడ్డ జిన్నింగు మిల్లు ఒకటుంది. దాని ఆవరణలో ఎర్రమట్టి పోసి, సున్నంతో గీతలు గీసి, సైదాబీ అనే పెద్దావిడ ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతుంది. ఆమె తండ్రి ఒకప్పుడు తాలింఖానాలో కుస్తీ నేర్పిన ఉస్తాదు. అందుకని ఊళ్ళో కొంతమంది వేళాకోళంగా ఆమెని ఉస్తాదమ్మ అన్నారు. వేళాకోళం పోయి పేరు మిగిలింది.

కబడ్డీలో కూతకెళ్ళిన పిల్ల ఒక్క ఊపిరి మీద "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి బరిలోకి పోవాలి. అందినవాళ్ళని తాకి, ఆ ఊపిరి తెగకముందే మధ్యగీత దాటి ఇవతలికి వచ్చెయ్యాలి. మధ్యలో గాలి పీల్చిందా, ఔటు. కోటేశ్వరికి కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి, తెగింపుంది. కూతే లేదు.

"పది, పదకొండు, పన్నెండు..." గీత దగ్గర నిలబడి లెక్కపెడుతున్న రమీజా చప్పట్లు కొట్టింది. "అయిపాయె! నీ కూత ఎలక్షను హామీలాగుందే కోటీ. మొదలైతే బ్రహ్మాండంగా అయిద్ది, గీత మాత్రం దాటదు."

పిల్లలందరూ నవ్వారు. కోటేశ్వరి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడింది.

ఆదివారం నరసరావుపేటలో జిల్లా జూనియర్ జట్టు ఎంపిక. కూతకెళ్ళేవాళ్ళలో ఒక్క చోటే ఖాళీ. కోటేశ్వరికి పంతొమ్మిది నిండాయి. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది, మరి జూనియర్ జట్టు ఉండదు.

అయినా ఆమెకి జట్టు మీద ఉన్న ఆశ ఒక ఎత్తు, ఇంకో దాని మీద ఉన్న బెంగ ఒక ఎత్తు. ఆ బెంగ ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆరో క్లాసులో ఉన్నప్పుడు ఆమె కూతకి అంతుండేది కాదు. బడి వెనక బీడునేలలో ఈ చివర మొదలుపెడితే ఆ చివరి తుమ్మచెట్ల దాకా పోయి, వెనక్కి వచ్చేది. కూత నడిచినంతసేపూ తనకొక ఒళ్ళుందని తెలిసేది కాదు. గాలి ఉందని మాత్రం తెలిసేది. ఆ పిల్ల ఎక్కడికి పోయిందో! చచ్చిపోయిన స్నేహితురాలిని తలుచుకున్నట్టు ఇప్పటికీ ఒక్కోసారి తలుచుకునేది. కలలో కూతపెట్టి, దిగ్గున లేచి కూర్చునేది.

శిక్షణ అయ్యాక ఉస్తాదమ్మ పాత రోలరు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. కోటేశ్వరి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఉస్తాదమ్మా, నా కూత ఎందుకు తెగిపోతోంది?"

"నువ్వేమనుకుంటున్నావు?"

అడగడమే ఆలస్యం. కోటేశ్వరి కాలేజీలో విద్యార్థి సంఘం కార్యదర్శి. మైకు పట్టుకుంటే వదలదని పేరు. గోడల మీద 'మా దేహం మా హక్కు' అని రాసింది ఆమే. ఆ రాతకి సున్నం కొట్టించిన ప్రిన్సిపాలు గది ముందు బైఠాయించిందీ ఆమే.

"మగపిల్లాడికి గుడ్డు, ఆడపిల్లకి పులుసు. వాడికి మైదానం, మాకు వంటిల్లు. గట్టిగా నవ్వకూడదు, గట్టిగా నడవకూడదు. తరతరాలుగా గొంతు నొక్కి పెంచితే ఊపిరెక్కడి నుంచి వస్తుంది? ఇది నా ఒక్కదాని ఊపిరి సమస్య కాదు ఉస్తాదమ్మా. వ్యవస్థ సమస్య."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే చిక్కు.

ఉస్తాదమ్మ ఒలిచిన గింజల్ని ఉఫ్ మని ఊది, పొట్టు ఎగరగొట్టింది.

"ఆదివారం లోపల మారిద్దా, ఆ వ్యవస్థ?"

కోటేశ్వరి కాలి బొటనవేలితో ఎర్రమట్టి గీకింది.

"అయితే ఆ తువ్వాలు ఇట్టా తే."

కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్న పిల్లల్ని ఉస్తాదమ్మ ఇళ్ళకి పొమ్మంది. వాళ్ళు గేటు దాటేదాకా ఆగి, లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది.

"నువ్వు లోపల ఎంత బిగుతుగా కట్టుకుంటున్నావో, నాకూ అంతే కట్టు."

కోటేశ్వరి చెవులు వేడెక్కాయి. ఈమెకెట్లా తెలిసింది? తువ్వాలు మడిచి ఉస్తాదమ్మ పక్కటెముకల చుట్టూ తిప్పి, మెల్లగా ముడి వేసింది.

"అబద్ధమాడమాక," అంది ఉస్తాదమ్మ.

కోటేశ్వరి ముడి విప్పి కాస్త బిగించింది.

"ఇంకా ఆడుతున్నావు."

ఇంకాస్త బిగించింది. ఉస్తాదమ్మ కదల్లేదు. చేతులు దించనూ లేదు. చివరికి కోటేశ్వరి మోకాలు ఆనించి, పళ్ళు బిగబట్టి లాగింది. రోజూ పొద్దున్నే స్నానాలగదిలో తలుపు గడియ పెట్టుకుని తన ఒంటికి తాను చేసుకునే పని ఇది. మొదటిసారి ఇంకొకరి ఒంటి మీద చేస్తుంటే, అదెంత పాపపు పనో చేతులకి తెలిసింది.

"ఆఁ. ఇప్పుడు నిజం చెప్పావు," అంది ఉస్తాదమ్మ సన్నటి గొంతుతో. కూత మొదలుపెట్టింది. కోటేశ్వరి మనసులో లెక్కపెట్టింది. ఎనిమిదికి తెగింది. పెద్దావిడ దగ్గుతూ రోలరుకి చెయ్యి ఆనించింది. మొహం కందగడ్డలా అయింది.

"విప్పు."

విప్పింది. ఉస్తాదమ్మ మంచినీళ్ళు తాగి, ఊపిరి కుదురుకున్నాక, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే మళ్ళీ కూత పెట్టింది. అరవై ఏళ్ళ గొంతు. పగిలిన డప్పులా బొంగురుగా ఉంది. అయినా ఎక్కడా తెగలేదు. పది, పన్నెండు, ఇరవై... ముప్పై ఒకటి దగ్గర ఆపి, మళ్ళీ వేరుశనక్కాయ తీసుకుంది.

కోటేశ్వరి కిందికి చూస్తూ చెప్పింది. "ఒకదాని మీద ఒకటి రెండు బాడీలు వేసుకుంటున్నా. పైన చున్నీ చించి చుడుతున్నా."

"ఎందుకు?"

"పరిగెత్తేటప్పుడు కదలకుండా. మిల్లు గోడ మీద కుర్రాళ్ళు కూర్చుంటారు కదా, వాళ్ళు..."

గోడ మీద నినాదం రాసిన పిల్ల, గోడ మీద కూర్చున్న నలుగురి కోసం ఊపిరాపుకుంటోంది.

"ఏ నంబరు వేస్తావు?"

"ముప్పై."

"ఎవరు కొలిచారు?"

"ఎవరూ కొలవలా. మొదట్లో అమ్మ అంతే కొన్నది. ఆ తర్వాత నేనూ అదే అడుగుతున్నా. చాలట్లేదు కదా అని... చాలకపోతే గట్టిగా పట్టుకునుంటుంది కదా అని, రెండు వేస్తున్నా."

ఉస్తాదమ్మ నవ్వలేదు. తిట్టలేదు. "రేపు పొద్దున్నే రా. పల్చటి బనీను తెచ్చుకో," అంది.

మర్నాడు ఉస్తాదమ్మ మిల్లులో పత్తి తూచే పాత కాటాగది తెరిచి, కిటికీ రెక్కలు మూసి, లోపల గడియ పెట్టింది. బుట్టలోంచి దర్జీ టేపు తీసింది. కోటేశ్వరి అటు తిరిగి రెండూ విప్పేసి, బనీను మాత్రం వేసుకుంది. పక్కటెముకల మీద ఎర్రటి గాడి చేతికి తగిలింది. రోజూ ఉండేదే. ఇవాళ ఎవరో అడిగినట్టు మండింది.

ఉస్తాదమ్మ వెనక నిలబడి, రొమ్ము కిందగా టేపు చుట్టింది. ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉందో లేదో వంగి చూసుకుంది.

"ఊపిరి వదులు."

"వదిలాను."

"వదల్లా."

"వదిలానండీ."

"ఇంకా ఉందే లోపల. నాకేం తొందర లేదు."

కోటేశ్వరి నిలబడింది. బయట రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఊపిరి పూర్తిగా వదలడం తను మర్చిపోయిందని ఆమెకి అప్పుడు తెలిసింది. ఎప్పుడూ కొంత దాచుకునే బతుకుతోంది. ఎవరో వస్తారన్నట్టు, ఎవరో చూస్తారన్నట్టు. భుజాలు మెల్లగా దిగాయి. లోపలి గాలంతా పోయింది.

"ముప్పై ఒకటి," అంది ఉస్తాదమ్మ. "ఇప్పుడు కూతకెళ్ళేటప్పటిలా పీల్చు."

పీల్చింది. ఉస్తాదమ్మ వేళ్ళ మధ్య టేపు సర్రున జారింది. ముప్పై మూడున్నర దగ్గర ఆగింది.

ఉస్తాదమ్మ ఆ రెండు గుర్తుల మధ్య టేపుని రెండు వేళ్ళతో పట్టుకుని ఆమె కళ్ళముందు పెట్టింది. రెండున్నర అంగుళాలు. చూపుడువేలంత లేదు.

"ఇదీ నీ కూత," అంది.

తర్వాత కాస్త ముందుకు వంగమని, రొమ్ము బాగా ఎత్తుగా ఉన్నచోట టేపు బిగించకుండా చుట్టింది. ముప్పై ఆరు.

"ముప్పై ఒకటి కొట్లో దొరకదు, సరిసంఖ్యలే ఉంటాయి. కింద కొలత ముప్పై రెండనుకో. పైది ముప్పై ఆరు. మధ్యలో ఎంత?"

"నాలుగు."

"అంగుళానికో అక్షరం. లెక్కపెట్టు."

కోటేశ్వరి వేళ్ళు ముడిచింది. "ఏ, బీ, సీ... డీ. డీ అంటే బాగా లావుగా ఉండేవాళ్ళకి కదా ఉస్తాదమ్మా?"

"లావు కాదే పిల్లా. తేడా. ఈ కొలతకీ ఆ కొలతకీ తేడా అంతే. సన్నగా ఉన్నదానికీ రావచ్చు, లావుగా ఉన్నదానికి రాకపోవచ్చు."

ముప్పై రెండు, డీ. కోటేశ్వరి లోపల్లోపల అనుకుని చూసుకుంది. తన ఒంటి గురించి ఆమె ఇన్నాళ్ళూ తిట్లు విన్నది. ఈలలు విన్నది. నినాదాలు విన్నది, తనే రాసింది కూడా. అంకె వినడం ఇదే మొదలు. ఆ అంకెలో సిగ్గు లేదు, గొప్పా లేదు. చెప్పు నంబరులాగా ఊరికే ఉంది.

"పో, కొనుక్కురా. ఆటకి వేసుకునేది అడుగు. వెనక పట్టీ వెడల్పుగా ఉండాలి."

"మీరూ రండి."

"నేనెందుకు? కొలత నీది."

"ఆ ఫ్యాన్సీ కొట్లో అంతా మగాళ్ళే ఉంటారు ఉస్తాదమ్మా."

"మైకు పెట్టించమంటావా?"

ఫ్యాన్సీ కొట్లో పూర్ణచంద్రరావు గాజులు కట్టలు కడుతున్నాడు. పక్కన ఇద్దరు ఊరికే కూర్చుని పేపరు చదువుతున్నారు. నాలుగొందల మంది ముందు గొంతు వణక్కుండా మాట్లాడిన పిల్ల, ఆ ముగ్గురి ముందు నిలబడి, "ఒక... అదీ... లోపలికి," అంది.

"సైజు?"

"ముప్పై రెండు..." ఆ తర్వాతి అక్షరం గొంతులోనే ఉండిపోయింది.

ఆయన సగం విని పెట్టెలోంచి ఒకటి లాగాడు. "ముప్పై నాలుగు బీ తీసుకెళ్ళమ్మా. ఊళ్ళో అందరూ ఇదే తీసుకెళ్తారు. సర్దుకుద్ది." అంటూనే పాత పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, చూడకుండా చేతికిచ్చాడు.

ఆ వీధిలోనే బ్రాందీ సీసాలు బాహాటంగా చేతులు మారతాయి. కోసిన కోళ్ళు తలకిందులుగా వేలాడతాయి. సెంటర్లో సబ్బు బోర్డు మీద రెండు నిలువుల ఎత్తున ఆడదాని ఒళ్ళు పరిచి ఉంటుంది. వేటికీ నల్ల కవరు లేదు. బతికున్న ఆడపిల్ల ఒంటికి చుట్టుకునే జానెడు గుడ్డకి మాత్రం రెండు పొరల చీకటి కావాలి.

కోటేశ్వరి ఆ చీకటిని చంకలో పెట్టుకుని పరిగెత్తినట్టు తిరిగొచ్చింది.

ఉస్తాదమ్మ కాటాగదిలో గోడవైపు తిరిగి కూర్చుంది. "వేసుకున్నావా? చేతులెత్తు. వెనక పట్టీ ఏమైంది?"

"పైకి పాకింది."

"వంగు. ముందర?"

"బయటికి... పొంగినట్టుంది."

"నీది కాదది."

"సర్దుకుద్దన్నాడు ఉస్తాదమ్మా."

"ఏది సర్దుకునేది? అదా, నువ్వా?"

ఇన్నేళ్ళూ సర్దుకున్నది ఎవరో కోటేశ్వరికి తెలుసు. దాన్ని విప్పేసి, తన బట్టలు వేసుకుని, విప్పిన గుడ్డని మడిచి చేత్తో పట్టుకుని బయల్దేరింది. కవరు కాటాగదిలోనే వదిలేసింది.

పేపరు చదివేవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఆమె గుడ్డని బల్ల మీద పెట్టింది.

"ఇది నా కొలత కాదండీ. నాది ముప్పై రెండు, డీ. కబడ్డీ ఆడేటప్పుడు వేసుకోవాలి. వెనక పట్టీ వెడల్పుగా ఉండాలి."

పేపరు కొద్దిగా కిందికి దిగింది. కళ్ళు కనబడ్డాయి. ఆమె వాటికేసి చూసింది. పేపరు మళ్ళీ పైకి లేచింది.

"ఆ సైజు ఎవరూ అడగరమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు.

"నేనడిగాను కదండీ."

గొంతు పెంచలేదు. పిడికిలి ఎత్తలేదు. ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దుమ్ము పట్టిన పెట్టె దింపి, తువ్వాలుతో తుడిచి, రెండు తీసి బల్ల మీద పెట్టాడు. "ముప్పై రెండు డీ ఒకటుంది. ముప్పై నాలుగు సీ కూడా చూడండి, ముందర గిన్నె కొలత ఒకటే, చుట్టూ కొంచెం వదులు. నప్పంది తెచ్చివ్వండి." అమ్మా నుంచి అండీకి మారాడని ఆయనకే తెలియదు. పేపర్లో చుట్టబోయి, ఆగి, అట్లాగే ఇచ్చాడు.

కాటాగదిలో ఉస్తాదమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చుంది. ఈసారి ఏమీ అడగలేదు. కోటేశ్వరి తనంతట తనే మొదట సీ వేసుకుంది. చేతులెత్తింది. వెనక జారింది. విప్పేసి రెండోది వేసుకుంది. చివరి వరస కొక్కేనికి తగిలించింది. పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసింది, దూరాయి. మూడోది దూరలేదు. చేతులెత్తింది, వంగింది, గొంతుక్కూర్చుని లేచింది, గది ఈ మూల నుంచి ఆ మూలకి ఉరికింది. తర్వాత ఊపిరంతా వదిలేసి, మళ్ళీ నిండా పీల్చింది. పట్టీ ఎముకలతో పాటు వెళ్ళి, ఎముకలతో పాటు వెనక్కి వచ్చింది.

"ఏది?" అంది ఉస్తాదమ్మ, తిరక్కుండానే.

"ఇది."

"ఎట్టా తెలిసింది?"

కోటేశ్వరి ఆలోచించింది. మైకు ముందయితే చాలా మాటలు వచ్చేవి.

"ఉన్నట్టు తెలియట్లేదు," అంది.

ఉస్తాదమ్మ లేచి, టేపు చుట్టి బుట్టలో వేసుకుని, గడియ తీసింది.

ఆదివారం నరసరావుపేట స్టేడియం నిండా జనం. ఏడు మండలాల పిల్లలు. కళ్ళజోడు పెట్టుకున్న ఎంపికాయన బల్ల ముందు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. ప్రహరీ గోడ మీద కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. గోడ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, కూర్చునేవాళ్ళూ ఉంటారు.

"కోటీ," అంది రమీజా, "పన్నెండు దాటావంటే నా జడ కత్తిరించి నీకిస్తా."

"నీ జడ నాకెందుకే? తోకలాగుంటది," అంది కోటేశ్వరి.

పేరు పిలిచారు. గీత మీద నిలబడి ఉస్తాదమ్మ కోసం చూసింది. ఆమె కింద నేల మీద బాసింపట్టు వేసుకుని ఎటో చూస్తోంది. మంచి మాట ఒకటి అనొచ్చు కదా అనిపించింది.

కోటేశ్వరి ఊపిరంతా వదిలేసింది. తర్వాత పీల్చింది.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ.

అవతల ఏడుగురూ చేతులు పట్టుకుని అర్ధచంద్రంలా ముసిరారు. ఎడమ మూలకి ఉరికి, ఆగి, వెనక్కి తగ్గి, కుడికి తిరిగింది. పది అయింది. పన్నెండయింది. లెక్క ఎవరిదో, ఎక్కడిదో. మూలనున్న పొడుగుపిల్ల మోకాలు కాలికొసకి తగిలింది. ఇంకొకత్తె చీలమండ దొరకబుచ్చుకుంది. కోటేశ్వరి ఆ పిల్లనీ ఈడ్చుకుంటూ నేల మీద పడి, పాకి, చెయ్యి చాచి మధ్యగీత ముట్టుకుంది.

విజిలు మోగింది. రెండు పాయింట్లు. రమీజా ఎగిరి గంతేసింది. కళ్ళజోడాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కోటేశ్వరి అది చూడలేదు.

లేచి నిలబడింది. మోచేతి నుంచి మట్టి రాలుతోంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. కూత మాత్రం నడుస్తూనే ఉంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. సన్నగా, తడబాటు లేకుండా, ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టుగా.

"ఒసేవ్, వచ్చేశావే! ఆపు!" అంది రమీజా.

గోడ మీద ఎవడో నవ్వాడు. పక్కవాడు నవ్వలేదు. కళ్ళజోడాయన కలం మూసి, "అమ్మాయ్, అయిపోయిందమ్మా," అంటూ ముందుకొచ్చాడు.

నేల మీద కూర్చున్న ఉస్తాదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపమాకయ్యా. ఎన్నేళ్ళదో అది."